ఆపరేషన్ అయిపోయిందిగా, ఇక నిరోధ్ ఎందుకు?

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవారేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తెలంగాణలోనూ 60 శాతం దాటింది. దేశం మొత్తం మీద 38 శాతమే. కండోమ్ వాడేవారు దేశంలో 9.5 శాతం ఉంటే, మన రెండు రాష్ట్రాల్లో వారి సంఖ్య చాలా స్వల్పం.

మన ఇళ్లలో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్లకు చేసే ఆపరేషన్ అనే అర్థం స్థిరపడిపోయింది. రెండో కాన్పు కాగానే, చాలామందికి పాతికేళ్లు నిండకముందే, ఆ పని పూర్తవుతుంది. ఆ తర్వాత భర్తకు ఏ బాధ్యతా మిగలదు. కానీ ఆ ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుందే తప్ప సెక్స్ ద్వారా సోకే గనేరియాను, సిఫిలిస్‌ను, హెచ్‌ఐవీని ఆపలేదు. గర్భాన్నీ, ఈ జబ్బులనూ కలిపి అడ్డుకునే సాధనం కండోమ్. ఆపరేషన్‌తో పాటే దాన్ని ఇంట్లోంచి పంపేశాం.

నిజానికి అది ఇంటి కోసమే వచ్చింది. 1968లో ప్రభుత్వం నిరోధ్ అనే పేరుతో కండోమ్‌లను మూడింటికి 15 పైసల చొప్పున అమ్మకానికి పెట్టింది. టీ పొడి, సబ్బులు అమ్మే కంపెనీలే వాటిని కిరాణా కొట్లకు చేర్చాయి. తర్వాత ఎయిడ్స్ భయం వచ్చింది. నిరోధ్ ప్రచారం లారీ డ్రైవర్ల వైపు, సెక్స్ వర్కర్ల వైపు మళ్లింది. ఆ ప్రచారం ఎన్నో ప్రాణాలు కాపాడింది, సందేహం లేదు. కానీ దానితో పాటు కండోమ్ అంటే తప్పు చేసేవాళ్ల వస్తువనే ముద్ర పడింది. ఇప్పుడు భార్య దాన్ని వాడమంటే భర్తకు వినిపించేది ఒక్కటే: "నన్ను అనుమానిస్తున్నావా?" ఆ ప్రశ్నకు భయపడే ఎందరో నోరు మెదపరు.

కండోమ్ కూడా పూర్తి భరోసా ఇవ్వదు, ఆ మాట దాచకూడదు. ప్రతిసారీ సరిగ్గా వాడితే ఏడాదిలో వందమందిలో ఇద్దరికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో పదమూడు మందికి. ఆ తేడా అంతా వాడకంలోనిదే. కొబ్బరి నూనె రాస్తే రబ్బరు దెబ్బతిని చిరుగుతుంది. పర్సులో నెలల తరబడి పెట్టుకున్నా అంతే. మధ్యలో వేసుకుంటే రక్షణ తగ్గిపోతుంది. చర్మం తాకిడితో వ్యాపించే హెర్పిస్, హెచ్‌పీవీ అనే వైరస్‌ల విషయంలో రక్షణ కొంతే. ఇవి బడిలో చెప్పరు, ఇంట్లో అడగలేరు.

2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అందరూ పిల్లల తల్లులే. ఆ వార్త చదివిన రోజు నుంచి నన్ను వదలని ప్రశ్న ఒకటుంది: ఆపరేషన్ కంటే ముందు ఆ నలుగురి భర్తలను ఎవరైనా కూర్చోబెట్టి కండోమ్ గురించి మాట్లాడారా?

ఆశా కార్యకర్త సంచిలో నిరోధ్ ప్యాకెట్లు ఉంటాయి. ఆమె ఇంటికి వచ్చేది పగటిపూట, మగవాళ్లు పనికి వెళ్లాక. ప్యాకెట్ భార్య చేతికి వస్తుంది, భర్తకు చెప్పే భారమూ ఆమె మీదే పడుతుంది. మగ ఆరోగ్య కార్యకర్తలను సాయంత్రం వేళ ఆటో స్టాండ్లకూ, మేస్త్రీల అడ్డాలకూ పంపి, ఆ మాట నేరుగా మగవాళ్లతోనే చెప్పించాలి.