మెకానిక్కులూ, ఆ సుత్తి కింద పెట్టండయ్యా!

యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు తయారీ ఆగిపోయింది 1996లో. దాదాపు ముప్ఫై ఏళ్ల నాటి ఇంజన్ మీద ఆ సుత్తి దెబ్బలేంటి?

క్రాంకు చివర ఉండే మాగ్నెట్ చక్రం ఊడదీయడానికి పుల్లర్ అనే పనిముట్టు ఉంది కదా! అది కొనరు. ఉలి పెట్టి బాదుతారు. క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, వంకరపోతుంది, బేరింగులు పోతాయి. కవర్ స్క్రూలదీ అదే గోస. అవి జపాన్ కొలత స్టార్ స్క్రూలు. మామూలు స్క్రూడ్రైవర్ వాటిలో సరిగ్గా కూర్చోదు, జారి జారి తల గుండ్రంగా అరిగిపోతుంది. తుప్పు వదిలే నూనె కొట్టి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున ఇంపాక్ట్ డ్రైవర్‌తో (దెబ్బకి తిరిగే స్క్రూడ్రైవర్) తిప్పితే వచ్చేస్తుంది. ఒక్క రాత్రి ఆగలేరా?

ఇక బోరింగ్, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల తొలవడం. 0.50 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు, సిలిండర్ గోడలోని రంధ్రాల (పోర్టుల) అంచులు మాత్రం కత్తుల్లా అలాగే వదిలేస్తారు. పిస్టన్ రింగు ఆ అంచుకి తగులుకుని పుటుక్కున విరుగుతుంది. కొత్త బోరంతా గీతలే! సన్నని ఆకురాయితో అంచులు మొద్దు చేస్తే సరిపోయేది.

ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ తిరిగే వేగం) దానంతటదే పెరిగితే కార్బరేటర్‌ని తిడతారు. అందులో పెట్రోలు వచ్చే జెట్టులో తీగ గుచ్చి రంధ్రం పెద్దది చేస్తారు. అసలు మాగ్నెట్ వైపు క్రాంకు సీలు (రబ్బరు రింగు) ఎండి గాలి పీలుస్తోందేమో ఎవరైనా చూశారా? అలాగే తిప్పితే పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. తెల్లపొగ వస్తూ గేరాయిల్ తగ్గుతుంటే క్లచ్ వైపు సీలు చూడాలి. చూడరు. రింగులు మార్చమంటారు!

ఇంజన్ కేసు విప్పిన రోజే రెండు సీళ్లూ మార్చడానికేం? పాతవే బిగించి, సందుల్లో సిలికాన్ పులిమేస్తారు.