రెండు పెన్నీల పంచాంగం చేసిన పని

17వ శతాబ్దపు ఇంగ్లండు ఖగోళశాస్త్రం అనగానే అందరూ న్యూటన్ పేరు, రాయల్ సొసైటీ పేరు ఎత్తుతారు. రెండు పెన్నీలకు దొరికే పంచాంగం ఊసే రాదు. 1660లలో ఏటా దాదాపు 4 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. మూడు ఇళ్లకు ఒకటి చొప్పున చేరినట్టు లెక్క. కొత్త ఖగోళశాస్త్రాన్ని మామూలు మనిషి గడపలోకి తెచ్చింది ఆ పుస్తకమే.

నెలకో పేజీ. ఒక వరసలో తేదీలు, పండుగలు. పక్కనే చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో, సూర్యుడు ఎన్నింటికి ఉదయిస్తాడో. మరో పట్టికలో చంద్రుడి వయసును బట్టి లండన్ బ్రిడ్జి దగ్గర పోటు వచ్చే వేళ. అంకెలు చదవడం వస్తే చాలు, థేమ్స్ మీద పడవ నడిపేవాడికి పనికొచ్చేది.

అంతకంటే గొప్ప పని 1576లో జరిగింది. లియొనార్డ్ డిగ్గెస్ పంచాంగాన్ని తిరిగి అచ్చువేస్తూ ఆయన కొడుకు థామస్ చివర కొన్ని పేజీలు కలిపాడు. అందులో ఒక బొమ్మ. నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు. నక్షత్రాలను మాత్రం పాత బొమ్మల్లోలా చుట్టూ ఉండే ఒక గోళానికి అంటించలేదు, పేజీ అంచుల దాకా చల్లేశాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని కోపర్నికస్ 1543లో లాటిన్‌లో రాసిన సంగతి ఇలా జనం చదివే ఇంగ్లిష్‌లోకి, అదీ వానలూ ఎండలూ చెప్పే పుస్తకంలోకి వచ్చింది.

అదంతా జ్యోతిషం కదా అంటారు. నిజమే, ఏ రాశిలో చంద్రుడుంటే ఏ అవయవం నుంచి రక్తం తీయకూడదో కూడా అందులోనే రాశారు. కానీ జోస్యం కోసం కొన్నవాడి చేతికి పట్టికలూ వచ్చాయి. భూములు కొలిచే సర్వేయరు విన్సెంట్ వింగ్ ఏటా పంచాంగం వేసేవాడు. జర్మన్ ఖగోళవేత్త కెప్లర్ చెప్పిన దీర్ఘవృత్త (కోడిగుడ్డులా సాగిన) కక్ష్యలతో గ్రహాల లెక్కలు కట్టిందీ ఆయనే. థామస్ స్ట్రీట్ 1661లో ఇంగ్లిష్‌లో వేసిన ఖగోళ పట్టికల పుస్తకం కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న న్యూటన్ చేతిలో పడింది. గ్రహం సూర్యుడికి ఎంత దూరంలో ఉంటే చుట్టిరావడానికి ఎంత కాలం పడుతుందో చెప్పే కెప్లర్ మూడో సూత్రం ఆయనకు తెలిసింది అందులోంచే.

అసలు కిటుకు భాషలో ఉంది. లాటిన్‌లోనే ఉండిపోతే ఆ లెక్క పడవవాడి దాకా వచ్చేదా? మనకూ ఆ దారి తెలియనిది కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి, ఇంగ్లండులో నావికుల కోసం వేసే నాటికల్ అల్మనాక్ లెక్కలతో దృగ్గణిత పంచాంగం, అంటే ఆకాశంలో కనిపించేదానికి సరిపోయే లెక్కల పంచాంగం వేశారు. ఉగాదికి మనం కొనే పంచాంగంలో గ్రహణం పట్టే వేళ, విడిచే వేళ వేస్తారు. ఆ నిమిషం ఎలా లెక్కకట్టారో కూడా తెలుగులో, పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా రెండు పేజీలు వేయమని ప్రచురణకర్తలను అడుగుతున్నాను.