గేటు ముందు హారతి

రద్దీవేళ మెట్రో గేటు దగ్గర ఫోన్‌తో డబ్బు కట్టే పెద్దమనిషిని మీరూ చూసే ఉంటారు. గేటు దాకా ఈల వేసుకుంటూ వచ్చి, సరిగ్గా రెక్కల ముందు ఆగి, అప్పుడు జేబులు తడుముకోవడం మొదలుపెడతాడు. దొరికిన ఫోన్‌ని గేటు మీద కార్డు చదివే రీడర్ ముందు కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి మూడు చుట్లు తిప్పుతాడు. గంట వాయించేవాడు లేడు కానీ, అచ్చం హారతే. దేవుడు కరుణించడు. ఎర్రలైటు.

ఫోన్ ముఖం చూపించమంటుంది. మాస్కు దించుతాడు, నల్లకళ్లద్దాలు తీస్తాడు. అయినా గుర్తుపట్టదు. పొద్దున్నే ఆ ముఖాన్ని గుర్తుపట్టడం కట్టుకున్నావిడకే కష్టం. ఆరంకెల పాస్‌కోడ్ నొక్కుతాడు, తప్పు. మళ్లీ నొక్కుతాడు, ఒప్పు. రాత్రి సగంలో వదిలేసిన వంటల వీడియో ఫుల్ సౌండుతో అందుకుంటుంది. దాని నోరు మూయించి, ఫోన్‌లో కార్డులు దాచుకునే వాలెట్ యాప్ తెరిస్తే, పైన కూర్చున్నది బ్యాంకు కార్డు కాదు, ఏదో కాఫీ షాపువాళ్ల పాయింట్ల కార్డు. ఈలోగా లైను మెట్ల దాకా పాకింది. దీన్నే కాంటాక్ట్‌లెస్ అంటారు. వెనకవాళ్ల మోచేతులకి ఆ నియమం వర్తించదు.

హారతి ఎందుకు చెల్లదో విన్నవించుకుంటాం. రీడర్, ఫోన్ మాట్లాడుకునేది 13.56 మెగాహెర్ట్జ్ మీద, మహా అయితే 4 సెంటీమీటర్ల దూరంలో. పళ్లెం తిప్పినట్టు తిప్పితే ఆ మాటలు మధ్యలోనే తెగిపోతాయి. ఆనించి, కదపకుండా, బీప్ వినపడేదాకా ఉంచాలి. ఏది ఆనించాలన్నదీ ముఖ్యమే. ఐఫోన్‌కి యాంటెన్నా నెత్తిన ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి వీపున. మనవాడు శ్రద్ధగా ఆనించేది ఛార్జర్ పెట్టే అడుగుభాగం! ఇక కవరు వెనక అరలో అసలు బ్యాంకు కార్డు కూడా దాచుకుని ఉంటాడు. రీడర్ పిలవగానే ఇద్దరూ ‘నేనున్నా’ అంటారు. అది బిక్కచచ్చి ఇద్దరినీ కాదంటుంది, లేదా ముందు పలికినవాడి జేబు కోస్తుంది. మాగ్నెట్ స్టాండు కోసం అంటించిన ఇనుపరేకు ఉంటే ఆ పిలుపు కూడా వినపడకపోవచ్చు.

‘సిగ్నల్ లేదండీ’ అని ఆయన వెనక్కి తిరిగి సంజాయిషీ ఇస్తాడు. నాయనా, సిగ్నల్‌తో పనేముంది? చెల్లింపుకి కావలసింది ఫోన్‌లోనే ఉంటుంది. గేటు కూడా నీ కోసం ఆ క్షణాన బ్యాంకుకి ఫోన్ చేయదు. ఆపేసిన కార్డుల జాబితా తన దగ్గరే పెట్టుకుని, అందులో నువ్వు లేకపోతే తలుపు తీస్తుంది. ప్రయాణాల లెక్కంతా తర్వాత తీరిగ్గా కూడి డబ్బు లాగుతారు. లండన్‌లో 2012లో బస్సుల్లో, 2014లో భూగర్భ రైళ్లలో మామూలు బ్యాంకు కార్డులు అంగీకరించినప్పుడు, ఒక్కో ట్యాప్ అరసెకనులో ముగియాలని పట్టుబట్టారు. జపాన్‌లో సూయికా అనే రైలు కార్డు గేట్లకి 0.2 సెకన్లు చాలు. ఇంజినీర్లు చెమటోడ్చి మిగిల్చిన సెకన్లన్నీ మనవాడు ఒక్క పూటలో హారతి కర్పూరం చేసేస్తాడు.

విరుగుడు ఇంటి దగ్గర ఐదు నిమిషాల పని. ఐఫోన్ సెట్టింగ్స్‌లో వాలెట్ తెరిచి, ఎక్స్‌ప్రెస్ ట్రావెల్ కార్డుగా ఒకదాన్ని ఎంచుకుంటే, ఆ సదుపాయం ఉన్న ఊళ్లలో ముఖమూ వద్దు, అంకెలూ వద్దు. కొత్త మోడళ్లలో బ్యాటరీ అయిపోయాక కూడా 5 గంటల దాకా పనిచేయొచ్చు, ఫోన్ మీరే ఆపేయకపోతే. ఆండ్రాయిడ్‌లో రీడర్‌తో మాట్లాడించే ఎన్‌ఎఫ్‌సీ ఆన్‌లో ఉందా, డిఫాల్ట్ పేమెంట్ యాప్ ఏది అన్నవి చూసుకుని, గేటు దగ్గర కనీసం తెర వెలిగించాలి.

ఇంతవరకూ తప్పు ఆయనదే. ఇకపై కాదు.

ఫోన్‌తో లోపలికి వెళ్లాడు. దిగేటప్పుడు చేతిలో సంచులున్నాయని వాచీ ఆనించాడు. అదే కార్డు, అదే ఖాతా, అదే మనిషి. కానీ భద్రత కోసం ఫోన్‌కో మారునంబరు, వాచీకో మారునంబరు ఇస్తారు. ప్లాస్టిక్ కార్డు నంబరు మూడోది. దాంతో గేటు లెక్కలో ఒకడు లోపలికెళ్లి ఇంకా సొరంగంలోనే తిరుగుతున్నాడు, ఇంకొకడు భూమిని చీల్చుకుని పుట్టుకొచ్చాడు. ఎక్కిన చోటా దిగిన చోటా ట్యాప్ చేయాల్సిన వ్యవస్థల్లో ఈ ఇద్దరు దయ్యాలకీ చెరో గరిష్ఠ ఛార్జీ పడొచ్చు. రోజుకి ఇంతకు మించి వసూలు చేయకూడదన్న పరిమితి ఉంటే, అది కూడా రెండు ముక్కలవుతుంది.

మారునంబరు మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఆ నంబర్లన్నీ ఒకే ఖాతావని చెప్పే ఉమ్మడి గుర్తు, పేమెంట్ అకౌంట్ రిఫరెన్స్, కార్డుల పరిశ్రమే తయారుచేసి పెట్టింది. ఉన్న పనిముట్టు కొన్నిచోట్ల వాడరు. ‘రోజంతా ఒకే పరికరం వాడవలెను’ అని గోడ మీద చిన్నక్షరాల్లో రాసి చేతులు దులుపుకుంటారు. తెలిసీ వసూలు చేస్తే దాన్ని సాంకేతిక సమస్య అనరు, దోపిడీ అంటారు! ప్రయాణికుడు గడప దాటకముందే జేబులోంచి డబ్బు తీయడం వచ్చిన యంత్రానికి, పొరపాటున తీసింది తిరిగి పెట్టడం మాత్రం రాదు. దానికి ఫారం నింపాలి. తేదీ, ఎక్కిన స్టేషను, దిగిన స్టేషను, చివరి నాలుగంకెలు.

కార్డు మీది నాలుగంకెలు కాదు సుమా, మారునంబరువి. అవి వాలెట్‌లో కార్డు వివరాల్లో ఉంటాయి. కౌంటర్‌లో కూర్చున్నామె అవి చెప్పమంటుంది. మన పెద్దమనిషి ఫోన్ తీస్తాడు. ఫోన్ ముఖం చూపించమంటుంది.