పేరు పెట్టినాయనే పితామహుడు

మా మేనకోడలు ఎంఏ ఇంగ్లీషు చదువుతోంది. మొన్న దాని గైడు తిరగేస్తుంటే ఒక వాక్యం దగ్గర కళ్ళు ఆగిపోయాయి: "ఇమేజిజం పితామహుడు ఎజ్రా పౌండ్." (ఇమేజిజం అంటే తక్కువ మాటల్లో ఒక దృశ్యాన్ని సూటిగా చూపించాలన్న ఇంగ్లీషు కవితా ఉద్యమం; పౌండ్ అమెరికా కవి.) కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు. పక్కన 'ఇంపార్టెంట్' అని నక్షత్రం.

పితామహులు మనకు కొత్త కాదు. పెద్దన ఆంధ్రకవితా పితామహుడు, అన్నమయ్య పదకవితా పితామహుడు. అయితే పితామహుడంటే తాత కదా! ఆ ఉద్యమం పుట్టిన 1912లో పౌండ్ వయసు 26, 27. ఆ వయసుకే తాతయ్యాడంటే మహానుభావుడే అయ్యుండాలి. కాబట్టి భక్తిశ్రద్ధలతో ఆ కాన్పు వివరాలు విచారిద్దాం.

స్థలం: లండన్, బ్రిటిష్ మ్యూజియం టీ గది. హిల్డా డూలిటిల్ అనే అమెరికా అమ్మాయి (ఒకప్పుడు ఈయనతో పెళ్ళి అనుకున్న అమ్మాయే) తన కవితలు ఆయన చేతిలో పెట్టింది. చదివాడు. మెచ్చాడు. అక్కడక్కడా కొట్టేశాడు. అడుగున "హెచ్.డి., ఇమేజిస్ట్" అని గీకి, చికాగోలో హారియెట్ మన్రో కొత్తగా పెట్టిన 'పొయెట్రీ' పత్రికకు పంపాడు. 1913 జనవరిలో అచ్చయ్యాయి. కన్నది ఆవిడ, బారసాల చేసింది ఈయన. బియ్యంలో పేరు రాయించిన పురోహితుడికి దక్షిణ ఇచ్చి పంపుతాం గానీ, బిడ్డకు ఆయన ఇంటిపేరు పెట్టం కదా!

ఆ మాటకొస్తే 1909లోనే టి.ఇ. హ్యూమ్ ఇలాంటి చిట్టి కవితలు అచ్చేశాడు. పాపం, 1917లో యుద్ధంలో పోయాడు. దావా వేసే నాథుడు లేడు.

1913 మార్చిలో ఇమేజిజం సూత్రాలు వచ్చాయి. వస్తువును సూటిగా పట్టుకోవాలి. పని చేయని మాట ఒక్కటీ వాడకూడదు. లయ సంగీతంలా సాగాలి గానీ మెట్రోనోమ్ అనే తాళం యంత్రంలా టకటకలాడకూడదు. మంచి సూత్రాలే, కాదనను. పారిస్ మెట్రోలో చూసిన మొహాల మీద పౌండ్ 30 పంక్తులు రాసి, పారేసి, చివరికి రెండే మిగిల్చాడు: గుంపులో మొహాలు, తడిసిన నల్లటి కొమ్మ మీద పూరేకులు. మధ్యలో 'లాగా' అన్న మాటైనా లేదు. ఆ తర్వాత అదే మనిషి 'కాంటోస్' అనే దీర్ఘకావ్యం పట్టుకుని యాభై ఏళ్ళు రాసి, 800 పేజీల దాకా లాగాడనుకోండి, అది వేరే సంగతి. కానీ ఆ పొదుపు తొలి కోత ఎక్కడ పడిందో చూడండి. హిల్డా అన్న మాట పోయింది, డూలిటిల్ అన్న మాట పోయింది. రెండు పొడి అక్షరాలు మిగిలాయి.

ఇక తొట్టి సంగతి. ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

1914 జులై 17. లండన్‌లో ఒక రెస్టారెంటు. బోస్టన్ నుంచి వచ్చిన ఎమీ లోవెల్, చుట్టలు కాల్చే కవయిత్రి, తన డబ్బుతో ఇమేజిస్టులకు విందు ఇస్తోంది. ఆ ఏడాదే వచ్చిన సంకలనంలో ఆవిడ కవిత ఒకటుంది. రాత్రి, తోట, నీళ్ళు, స్నానం చేస్తున్న ప్రియమైన మనిషి. అక్కడున్నవాళ్ళు తర్వాత చెప్పుకున్న ప్రకారం, ఉపన్యాసాల మధ్యలో పితామహులవారు చల్లగా బయటికి జారుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు నెత్తిన రేకు స్నానపు తొట్టి! ఇమేజిస్టుల పని అయిపోయింది, ఇక ఈతగాళ్ళ ఉద్యమం మొదలైందని ప్రకటన. ఆ వెయిటర్‌ని ఊహించుకోండి. టోపీ అయితే అందుకుని కొక్కేనికి తగిలించాలి. తొట్టిని ఎక్కడ తగిలిస్తాడు? బిల్లులో రాయాలా? రాస్తే ఏ పద్దు కింద?

నవ్వుకున్నారా? నేనూ నవ్వాను, చాలా ఏళ్ళు. ఆవిడ భారీ మనిషి. ఆ తొట్టి కవిత మీద బోర్లించింది కాదు, ఒంటి మీద. అన్నం పెట్టిన మనిషిని పదిమందిలో అలా చేయడానికి సిగ్గుండక్కర్లేదా? ఆవిడ పట్టించుకోకుండా 1915, 16, 17ల్లో మూడు సంకలనాలు తెచ్చింది. ఎవరి కవితలు వాళ్ళే ఎంచుకోవాలి, వచ్చిన డబ్బు అందరికీ సమానం. పెద్దాయన దానికి 'ఎమీజిజం' అని పేరు పెట్టాడు. మళ్ళీ బారసాలే! వందేళ్ళుగా మన గైడులు ఆ వెక్కిరింపునే విమర్శ అనుకుని పిల్లలచేత బట్టీ పట్టిస్తున్నాయి.

రెండో ప్రపంచయుద్ధంలో ఈయన రోమ్ రేడియోలో కూర్చుని యూదుల మీద విషం కక్కాడు. పని చేయని మాట ఒక్కటీ వద్దన్న నోరు అది. ఆ రోజుల్లో హిల్డా బాంబులు పడ్డ లండన్‌లోనే ఉండి 'ట్రిలజీ' రాసింది. గైడులో ఆ పుస్తకం లేదు.

ఆవిడ 'ఓరియాడ్' (అంటే కొండ దేవత) అనే కవిత కూడా లేదు. నేనే వెతికి మేనకోడలికి చదివి వినిపించాను. ఆరు పంక్తులు. సముద్రమా, నీ మొనదేరిన పైన్ చెట్లను సుడి తిప్పు, మా రాళ్ళ మీద చిమ్ము, నీ ఆకుపచ్చను మా మీదికి విసురు అంటుంది. అల ఎక్కడ ఆగిందో, అడవి ఎక్కడ మొదలైందో కత్తి పెట్టి కోసినా తేలదు. అది మళ్ళీ చదవమంది. చదివాను.

కాసేపాగి, "మామయ్యా, మరి పరీక్షలో పితామహుడు ఎవరని రాయను?" అంది.

"పౌండ్ అనే రాయవే. లేకపోతే రెండు మార్కులు ఊరికే పోతాయి."