కప్పంటే పావుకిలో కాదు

మామిడికాయల కాలం రాగానే వాట్సాప్‌లో ఓ కొలతల పట్టిక తిరుగుతుంది. "కప్పంటే 250 గ్రాములు. ముక్కలైనా, పొడులైనా, రసమైనా అంతే. నాలుగు కప్పులు కిలో. నొక్కి నింపితే తేడా రాదు. మన పెద్దోళ్లు కాటా పెట్టుకునే పట్టారా ఊరగాయలు?" ఉలవపాడు కాయలు కొని ఈ లెక్కతో ఆవకాయ కలిపితే ఏమవుతుందో చూద్దాం.

"కప్పంటే 250 గ్రాములు." నీళ్లకు నిజమే, అదీ 250 మిల్లీలీటర్ల కప్పయితే. రసాలు నీళ్లకు దగ్గరగా ఉంటాయి. పొదలకూరు నిమ్మకాయలు పిండిన రసం కప్పుకు 255 గ్రాముల పైన తూగుతుంది. ముక్కల దగ్గర ఈ లెక్క చెడుతుంది. తరిగిన మామిడి ముక్కలు కప్పుకు సుమారు 175 గ్రాములే, సందుల్లో ఉండేది గాలి కాబట్టి. నాలుగు కప్పులు కలిపినా 700 గ్రాములు.

"పొడులైనా అంతే." జాడీని పాడుచేసేది ఈ మాటే. అదే కప్పులో మెత్తటి ఉప్పు 300 గ్రాములు పడుతుంది, కారం 130 దగ్గరే ఆగుతుంది. కిలో ముక్కలకు పావుకిలో ఉప్పు, పావుకిలో కారం అన్న తూకాన్ని పట్టిక ప్రకారం కప్పుల్లోకి మార్చండి. 700 గ్రాముల ముక్కల మీద 300 గ్రాముల ఉప్పు పడుతుంది, కారమేమో 130. ముక్కల బరువులో 25 శాతం ఉండాల్సిన ఉప్పు 43 శాతమైంది, కారం 19కి పడిపోయింది. నోట పెట్టలేం.

తిరగేసి, కప్పుల లెక్కను తూకంలోకి మారిస్తే ఇంకా ప్రమాదం. ఐదు కప్పుల ముక్కలకు ముప్పావు కప్పు ఉప్పు అంటే అసలు తూకంలో 875 గ్రాములకు 225, పాతిక శాతం పైమాటే. పట్టిక దాన్ని 1250కి 187 చేస్తుంది, అంటే 15 శాతం. ఉప్పు చాలని ఊరగాయలో ముక్క మెత్తబడుతుంది, పైన బూజు కడుతుంది. ఉప్పుగా ఉన్నదాన్ని ముక్కలు కలిపి సరిచేసుకోవచ్చు, బూజు పట్టినదాన్ని పారబోయాల్సిందే.

"నొక్కి నింపితే తేడా రాదు." అరటిపండు చక్రాలు కప్పుకు 160, మెదిపితే 240. ఇక నొక్కడం ఎవరి చేతి బలం వాళ్లది.

"పెద్దోళ్లు కాటా పెట్టారా?" పెట్టలేదు. గిద్ద, సోల, తవ్వ, మానిక అన్నీ కొలపాత్రలే. ముక్కలూ ఉప్పూ కారమూ ఒకే గిన్నెతో కొలిచారు గనుక పాళ్లు తప్పలేదు. తూకాన్నీ కొలతనూ కలగలిపింది ఈ పట్టికే, వాళ్లు కాదు.

మార్చక తప్పదంటే మీ కప్పుకు మీరే పట్టిక రాసుకోండి. ఖాళీ కప్పు కాటా మీద పెట్టి సున్నా నొక్కాలి. నొక్కకుండా, తట్టకుండా నింపి, పొడులైతే చెంచా కాడతో అంచుకు సమంగా గీసి, వచ్చిన అంకె రాసుకోవాలి. కల్లుప్పుకు వేరే వరుస కావాలి, గళ్లు పెద్దవైన కొద్దీ కప్పులో తక్కువ పడుతుంది. దంచితే కప్పు లెక్క మారుతుంది, తూకం మారదు.