ఓటమి ఎరుగని నాణ్యతా కమిటీ

ఆసుపత్రుల్లో నాణ్యతా మెరుగుదల ప్రాజెక్టులకు ఉన్న విజయాల రికార్డు మరే రంగానికీ లేదు. మందులు పరీక్షల్లో బోల్తా పడతాయి, రాకెట్లు కూలిపోతాయి. మెరుగుదల ప్రాజెక్టు మాత్రం గోడ మీద పోస్టరు అంటించిన నాడే గెలుస్తుంది. ఇంతటి విజయం ఊరికే రాదు. కమిటీల్లో కొత్తగా చేరేవారి కోసం దాని మెళకువలు కొన్ని చెబుతాం.

అన్నిటికన్నా ముఖ్యం ముహూర్తం. వార్డులో రోగులు జారిపడటం నెలకు సగటున 4 అనుకుందాం. 9 మంది పడే నెల వచ్చేదాకా ఓపిక పట్టి, అప్పుడు ప్రాజెక్టు మొదలుపెట్టండి. మరుసటి నెల నాలుగో అయిదో ఉంటాయి, మీరు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నా అంతే ఉండేవి. గణాంకాలవాళ్లకు ఇది సగటు వైపు తిరోగమనం, మనకు నాయకత్వ పటిమ.

పొరపాటున కూడా పోలికకు మరో గ్రూపును పెట్టుకోకండి. అమెరికాలోని కామ్డెన్‌లో మాటిమాటికీ ఆసుపత్రి పాలయ్యే రోగులకు డిశ్చార్జి తర్వాత ఇంటికి వెళ్లి మరీ అండగా నిలిచే కార్యక్రమం ఉండేది. దేశమంతా మెచ్చుకుంది. అంతటితో ఊరుకోక 800 మందిని చీటీలు వేసినట్టు రెండుగా విడదీసి చూశారు. ఆరు నెలల్లో తిరిగి చేరినవారు కార్యక్రమంలో 62.3 శాతం, దాని బయట 61.7 శాతం. 2020లో ఇది అచ్చయింది కూడా. కార్యక్రమంలో ఉన్నవారి చేరికలు బాగా తగ్గిన మాట నిజమే, లేనివారివీ అంతే తగ్గాయి మరి. ఎవరడిగారండీ ఆ రెండో సగం గురించి?

గ్రాఫు విషయానికొస్తే రెండు కడ్డీలు చాలు: ముందు, తర్వాత. నెలకో చుక్క పెట్టి, మధ్యగత రేఖ గీసే రన్ చార్టు మహా మొండిది. వరుసగా ఆరు చుక్కలు గీతకు ఒకే పక్కన పడితే గాని మార్పు వచ్చిందని ఒప్పుకోదు. పైగా తగ్గుదల మన ప్రాజెక్టుకు నాలుగు నెలల ముందే మొదలైందని నలుగురిలో బయటపెడుతుంది.

చేతుల శుభ్రత కొలవడానికి అట్ట, పెన్ను ఇచ్చి ఒక పరిశీలకురాలిని పగలు 11 గంటలకు వార్డు మధ్యలో నిలబెట్టండి. ఆమెను చూడగానే వార్డంతా చేతులు రుద్దుకుంటుంది. 94 శాతం! రాత్రి రెండింటికి చూసేవారు లేరు కనుక లోపమూ లేదు. స్టోరుకు మాత్రం కబురు పెట్టకండి. రుద్దిన ప్రతిసారీ 3 మిల్లీలీటర్ల శానిటైజర్ చొప్పున లెక్కగడితే, ఆ 94 శాతానికి కావలసిన సీసాల్లో సగం కూడా ఖాళీ కాలేదని తేలవచ్చు. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లు తగ్గించడం ఇంకా తేలిక: జ్వరం వచ్చినా రక్తాన్ని, అందులో సూక్ష్మజీవులున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపకపోతే సరి. రోగి ఏమయ్యాడన్నది వేరే కమిటీ చూసుకుంటుంది.

ఇక చెక్‌లిస్టు. ఆపరేషన్‌లో ఏదీ మరవకుండా ఒక్కొక్కటిగా సరిచూసి టిక్కు పెట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఎనిమిది ఆసుపత్రుల్లో ప్రయత్నించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో వెల్లడైంది. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అమలయ్యాక చూస్తే 0.71 నుంచి 0.65, అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం ఎక్కడికైనా వెళ్తుంది. జూనియర్ నర్సు “ఒక్క నిమిషం ఆగండి సార్” అంటే సర్జన్ ఆగే వాతావరణం దాని వెంట వెళ్లదు. అది జిరాక్సుకు లొంగదు గనుక మనమూ పట్టించుకోనక్కర్లేదు. ఆపరేషన్ ముగిశాక ఫైలు మూసేముందు ఒకే పెన్నుతో టిక్కులన్నీ పెట్టేస్తే అమలు 100 శాతం.

నివేదిక చివర “నేర్చుకున్న పాఠాలు” అనే పేజీ ఒకటి ఉంటుంది. జట్టుకృషి, నిబద్ధత, యాజమాన్య సహకారం అని రాయండి, ఏ ప్రాజెక్టుకైనా అతుకుతాయి. మూడో వార్డులో సింకు పనిచేయలేదనీ, రాత్రి షిఫ్టుకు శిక్షణే ఇవ్వలేదనీ రాశారో, పక్క ఆసుపత్రివాళ్లు చదివి ఆ తప్పులు చేయకుండా తప్పించుకుంటారు. మనం ఏడాది కష్టపడి చేసినవి వాళ్లకు ఉచితంగా ఎందుకివ్వాలి?