చక్రం తిప్పాలంటే ముందు పడవకి బొక్క పెట్టాలి

మన భాషలో పెద్దమనిషి అనేవాడు చక్రం తిప్పుతాడు. ఢిల్లీలో తిప్పుతాడు, జిల్లాలో తిప్పుతాడు, ఏదీ దొరక్కపోతే అపార్ట్‌మెంటు అసోసియేషన్‌లోనైనా తిప్పుతాడు. కర్రసాము చేసేవాళ్ళని మినహాయిస్తే, కర్ర తిప్పాడని ఎవరినీ ఎవరూ పొగిడిన దాఖలా లేదు. భాషే ఇలా తీర్పు చెప్పాక, విశాఖలో సొంత డబ్బుతో 22 అడుగుల తెరచాప పడవ కొన్నవాడు దాని వెనకాల ఓ మూల కూర్చుని మీటరు పొడవు కర్ర పట్టుకుని చుక్కాని తిప్పవలసి రావడం ఎంత అన్యాయం! పైగా ఆ కర్ర పేరు టిల్లర్. ఆ మాటంటే అనకాపల్లి చుట్టాలు "పొలం ఎన్నెకరాలు బాబూ?" అనడుగుతారు.

1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' అనే ఓడ నీళ్ళలోకి దిగిన ఊరు ఇది. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష జరిగిన ఊరు. ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు నడిపే సరంగుకే క్యాబిన్‌లో గుండ్రటి స్టీరింగ్ ఉండగా, డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక పడేలా ఫొటో దిగాలనుకునే యజమానికి కర్రా? అందుచేత చిన్న పడవలన్నిటికీ తక్షణం చక్రం బిగించాలని ఈ వ్యాసం డిమాండ్ చేస్తోంది. డిమాండ్ చేసి తప్పుకోవడం మర్యాద కాదు కనక ఎలా బిగించాలో కూడా చెబుతోంది.

చక్రానికి మొదటి పుణ్యం: దిక్కుల గందరగోళం తీరుతుంది. కర్రని ఎడమకి తోస్తే పడవ కుడికి పోతుంది. దీనితో పెద్ద ఓడలవాళ్ళే అవస్థ పడ్డారు. ఓడలకి చక్రాలు వచ్చి రెండొందల ఏళ్ళవుతున్నా, ఆజ్ఞలు మాత్రం 1930ల దాకా కర్ర లెక్కలోనే ఇచ్చేవారు. 1912లో టైటానిక్ మీద "కుడికి" అని అరిస్తే ఓడ ఎడమకి తిరిగింది, అదే సరైన పద్ధతి కూడా. చక్రమైతే కుడికి తిప్పితే కుడికే. అంటే, వైర్లు సరిగ్గా వేస్తే. పెడస్టల్‌లో, అంటే చక్రాన్ని నిలబెట్టే స్తంభంలో, గొలుసు స్ప్రాకెట్ అనే పళ్ళ చక్రం మీదుగా పోయి రెండు వైర్లుగా కిందికి దిగుతుంది. మామూలు అమరికలో ఆ రెండూ అడుగున ఒకదాన్నొకటి దాటుకుని, అటుది ఇటూ ఇటుది అటూ పోవాలి. తిన్నగా వేస్తే చక్రం కుడికి, పడవ ఎడమకి. అప్పుడు కర్ర ఖర్చు లేకుండా చేసిన పనినే బోలెడు ఖర్చు పెట్టి చేయించుకున్నట్టు.

రెండో పుణ్యం బలం. ఇక్కడ కాస్త లెక్క వెయ్యాలి, విసుక్కోకండి. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక మీటరు కర్ర చివర 10 కిలోల బరువు తగులుతోందనుకోండి. చుక్కాని ఇరుసుకి బిగించే క్వాడ్రంట్, అంటే విసనకర్రలా ఉండే లోహపు పళ్ళెం, 20 సెం.మీ. వ్యాసార్ధంది తీసుకుంటే వైరు మీద లాగుడు 50 కిలోలు. ఆ వైరుని లాగే 13 పళ్ళ స్ప్రాకెట్ వ్యాసార్ధం సుమారు 3.3 సెం.మీ. చక్రం అడ్డంగా 70 సెం.మీ. ఉంటే అంచు దగ్గర చేతికి తగిలేది 4.7 కిలోలు. సగానికి పైగా తగ్గింది! కాకపోతే 22 అడుగుల పడవ కాక్‌పిట్‌లో, అంటే నడిపేవాళ్ళు కూర్చునే గుంటలో, 70 సెం.మీ. చక్రం పెడితే ముందుకి రావాలన్నప్పుడల్లా సీటెక్కి దూకాలి. అంచేత 40 సెం.మీ.దే కొంటారు. దానితో 8.25 కిలోలు. వైర్లు మలుపు తిరిగే కప్పీల రాపిడి కలుపుకుంటే మళ్ళీ పదికి దగ్గరే. ఇన్ని బొక్కలు పెట్టి, పాతిక ముప్ఫై కిలోల బరువు పడవ వెనక భాగాన వేసి సాధించింది ఇది. అయినా ఫొటోలో కిలోలు కనపడవు కదా.

ఇక బిగింపు. వైరు 5 మి.మీ., 7×19 అల్లికది (ఏడు పాయలు, పాయకి పంతొమ్మిది పోగులు) కావాలి, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. 304 వేస్తే మన ఉప్పుగాలికి టీ మరకల్లాంటి తుప్పు త్వరలోనే పడుతుంది. తెరచాప కొయ్యకి కట్టగా మిగిలిన 1×19 (పంతొమ్మిది పోగులూ ఒకే పాయగా ఉన్న) వైరుని వాడేద్దామన్న బుద్ధి ప్రతివాడికీ పుడుతుంది. అది నిలబెట్టి లాగడానికి చేసిన బిరుసు వైరు, కప్పీ మీద వంగి వంగి ఒక్కో పోగే తెగుతుంది. కప్పీ 100 మి.మీ. కన్నా చిన్నది వద్దు. వైరు కప్పీ గాడిలోకి వంకర లేకుండా తిన్నగా దిగాలి. కొంచెం పక్కకి పోయినా గాడి అంచుని కోస్తుంది, ఏదో రోజు దూకేస్తుంది. తొంభై డిగ్రీల మలుపు దగ్గర, పై లెక్క ప్రకారమే, కప్పీ మీద 70 కిలోల లాగుడు పడుతుంది, గాలి విసురుకి ఇంకా ఎక్కువ. అందుకని దాన్ని మరలతో కాదు, ఇటునుంచి అటు దూరేలా బోల్టు వేసి వెనక పట్టీ పెట్టి బిగించాలి.

గొలుసు విషయంలో ఆటోనగర్ మీద గురి ఉన్నవాళ్ళు మోటార్ సైకిల్ గొలుసు తెస్తారు. పళ్ళకి పట్టవచ్చు కూడా. కానీ అది మామూలు ఇనుము, ఒక్క వర్షాకాలం తర్వాత లింకులు బిగుసుకుపోయి కర్రలా నిలబడుతుంది. కర్ర వద్దనే కదా ఇదంతా మొదలెట్టింది!

కాక్‌పిట్ నేల చాలా పడవల్లో రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెట్టి చేసినది. పెడస్టల్‌కి నాలుగు బోల్టు బొక్కలూ, మధ్యలో వైర్లు దిగే పెద్ద బొక్కా పెట్టి అలాగే బిగిస్తే, నీరు చెక్కలోకి దిగి నేల తడిసిన అట్టలా మెత్తబడుతుంది. బొక్కని కావలసిన దానికన్నా పెద్దగా తవ్వి, ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడ్డాక మళ్ళీ సైజు బొక్క పెట్టాలి. ఓపిక లేనివాడికి పెడస్టల్ ఊగడం మొదలవుతుంది. అల వచ్చి ఎవరు తూలినా ముందు పట్టుకునేది దాన్నే.

చుక్కాని అటు 35, ఇటు 35 డిగ్రీలు దాటకుండా గట్టి ఆపులు పెట్టాలి. పై కొలతలకి ఈ చివర నుంచి ఆ చివరకి వైరు 24 సెం.మీ. పైచిలుకు నడుస్తుంది, చక్రం సుమారు 1.2 చుట్లు. ఆపులు లేకపోతే, పడవ వెనక్కి నడుస్తున్నప్పుడు నీళ్ళు చుక్కానిని ఒక్కసారిగా పక్కకి విసిరి గొలుసునో వైరునో తెంపుతాయి. చక్రం పుల్లల మధ్య వేళ్ళుంటే అవి కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

చుక్కాని తిన్నగా ఉన్నప్పుడు పైకి వచ్చే పుల్లకి తాడు ముడి కట్టుకోవడం ఆచారం. కర్ర ఉన్నప్పుడు చుక్కాని ఎటుందో చూస్తే తెలిసేది, ఇప్పుడు తాయెత్తు కట్టి తెలుసుకోవాలి. కొత్త వైరు సాగుతుంది కనక కొన్ని ప్రయాణాల తర్వాత మళ్ళీ బిగించాలి. చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచితే క్వాడ్రంట్ చేతికి ఊగకూడదు, అంతవరకే బిగింపు. వీణ తీగలా బిగిస్తే రాపిడి పెరిగి చక్రం మొరాయిస్తుంది. చుక్కాని పడవ వెనక గోడకి బయట వేలాడే రకమైతే క్వాడ్రంట్ లోపల పెట్టే దారే లేదు. వాళ్ళు ఇక్కడితో పేజీ తిప్పేసి కర్రకి వార్నిష్ వేసుకోవచ్చు.

అసలు కర్ర బరువెందుకైందని అడిగే చాదస్తులు కొందరుంటారు. తెరచాప సాగి సంచిలా అయినా, గాలికి మించి తెరచాప విప్పినా, పడవ ఎక్కువగా ఒరిగినా, కొయ్య మరీ వెనక్కి వాలినా పడవ గాలివైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి కర్రని గట్టిగా లాగాలి. తెరచాప తాడు కొంచెం వదలడం, తెరచాప ఒక మడత కుదించడం, ముందు తీగ బిగించి కొయ్యని కాస్త నిలబెట్టడం దీనికి మందు. ఇదంతా దాదాపు ఉచితం, కాబట్టి గౌరవం లేదు. కర్ర చేసే పాపమల్లా ఈ తప్పుని నిమిష నిమిషం చేతికి చెబుతూ ఉండటమే. చక్రం, కప్పీలు, గొలుసు మధ్యలోకి వస్తే ఆ సణుగుడు సగం దారిలోనే ఆగిపోతుంది. పడవ ఒరిగి, చుక్కాని బ్రేకులా నీళ్ళని ఈడుస్తూ, వేగం చచ్చిపోతున్నా నడిపేవాడి ముఖంలో ప్రశాంతత చెక్కుచెదరదు.

చివరగా ఒక చిన్న అనుబంధ వస్తువు. చక్రం వ్యవస్థ ఉన్న ప్రతి పడవలోనూ అత్యవసరానికి ఒక కర్ర ఉంచాలి. ఇరుసు పైభాగాన్ని చదరంగా చెక్కించి, నేలలో మూత పెట్టి, అందులోంచి దాన్ని దించాలి. 2017-18లో ఆరుగురు నౌకాదళ మహిళలు, వాళ్ళలో మన విశాఖకి చెందిన పి. స్వాతి, 'తారిణి' అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి వస్తుండగా, స్టీరింగ్‌లో లోపం వచ్చి మారిషస్‌లో ఆగి బాగుచేయించుకోవలసి వచ్చింది. వాళ్ళకే తప్పనిది భీమిలి దాకా వెళ్ళొచ్చేవాళ్ళకి తప్పుతుందా? ఆ కర్రని రేవులో కట్టి ఉన్నప్పుడే ఒకసారి బిగించి తిప్పి చూడండి. తిరిగే దారిలో పెడస్టల్ అడ్డొస్తుంది, సాధారణంగా. అప్పుడు కర్రని వెనకవైపుకి తిరిగి ఉండేలా చేయించాలి. అలా చేయిస్తే కుడికి తోసినప్పుడు పడవ కుడికే పోతుంది, చక్రం మీద నేర్చుకున్న అలవాటు వృథా కాదు. కాకపోతే దాన్ని గట్టిగా తొయ్యాలంటే వెనక్కి తిరిగి కూర్చోవాలి, అప్పుడు డాల్ఫిన్స్ నోస్ ఎటుందో ఇంకొకరు చెప్పాలి.